సవరణ: ఎర్రర్ లాగ్ కోసం నేను చెప్పిన పద్ధతిలో తప్పు

మన ఆన్‌లైన్ పచ్చీసు గేమ్‌లో ఎర్రర్లన్నీ వాటంతటవే సర్వర్‌కు చేరాలంటే, యూనిటీలో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) లాగ్ మెసేజ్ వచ్చినప్పుడల్లా మన కోడ్‌ను పిలిచే 'లాగ్‌మెసేజ్‌రిసీవ్డ్' ఒక్కటి పెట్టుకుంటే చాలని మొన్న రాశాను. అది తప్పు. మెయిన్ థ్రెడ్‌లో (గేమ్ కోడ్ ప్రధానంగా నడిచే వరుసలో) వచ్చిన మెసేజ్‌లే దానికి అందుతాయి. మా నెట్‌వర్క్ కోడ్ నడిచేది వేరే థ్రెడ్‌లో. నిన్న రాత్రి దేవరకొండలో మా తమ్ముడి ఫోన్‌లో గవ్వలు గాల్లోనే ఆగిపోయాయి. నల్లగొండలో నా ముందున్న లాగ్‌లో ఒక్క లైను కూడా పడలేదు. గంటసేపు ఒకటే టెన్షన్.

'లాగ్‌మెసేజ్‌రిసీవ్డ్‌థ్రెడెడ్' వాడండి. దీని నుంచి మన కోడ్‌కు పిలుపు ఏ థ్రెడ్ నుంచైనా రావచ్చు, అందుకే మెసేజ్‌ను కాంకరెంట్ క్యూలో (ఒకేసారి చాలా థ్రెడ్‌లు వాడినా చెడిపోని వరుసలో) వేసి, తర్వాత మెయిన్ థ్రెడ్ నుంచి పంపండి. రెండూ కలిపి మాత్రం పెట్టొద్దు, మెయిన్ థ్రెడ్ ఎర్రర్లు రెండేసి సార్లు పడతాయి. నా మాట మీద పాత పద్ధతి పెట్టుకున్నవాళ్లు క్షమించండి, ఈరోజే మార్చుకోండి.