మా ఇంటి డబుల్ బ్యారెల్ వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డబుల్ బ్యారెల్ తుపాకీ గారికి, బెంగళూరు నుంచి తమ యజమాని రెండో అల్లుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మా మామగారు హిందూపురం నుంచి వలసవచ్చి దేవనహళ్లి పక్కన ద్రాక్షతోట వేసిన కాలంలో, ఆ తోట కాపలాకని తమరిని కొన్నారు. 2008లో అక్కడ విమానాశ్రయం తెరుచుకున్నాక తోట ప్లాట్లయింది. కాపాడవలసిన తోట పోయినా తమరు మాత్రం యలహంక ఇంట్లో స్థిరపడ్డారు. పడకగది బీరువాలో పట్టుచీరల వెనుక తమరు, పూజగది పై అరలో తూటాల డబ్బా, అత్తగారి బొడ్డులో తాళంచెవి: దొంగ వస్తే, ఈ ముగ్గురినీ ఒకచోట చేర్చేదాకా అతడికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టవలసిన ఏర్పాటు ఇది.

తమరు మమ్మల్ని కాపాడిన సందర్భం ఒక్కటీ మాకు గుర్తులేదు. తమరిని కాపాడటానికి మాత్రం మామగారు జీవితాంతం శ్రమించారు. మొదట మూడేళ్లకోసారి, 2019 చట్ట సవరణ తరువాత ఐదేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలి గదా! పోలీసు విచారణకు వచ్చినవారు "ఆయుధం అవసరమేమిటి?" అని అడిగితే ఆయన "ప్రాణభయం" అనేవారు. ఆయనకు అత్తగారి భయం తప్ప వేరే భయం ఉన్నట్టు వీధిలో ఎవరూ ఎరుగరు. ఆయుధం కలిగి ఉండటం మన దేశంలో హక్కు కాదనీ, 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు పొందితేనే కుదురుతుందనీ ఆయనకు తెలియక కాదు. పెళ్లిళ్లలో "వారింట తుపాకీ ఉంది" అన్న మాట వినబడితే ఆయన మీసం తనంతట తానే లేచేది.

ఎన్నికల ప్రకటన వెలువడిందంటే తమరి వైభవం చూడవలసిందే. లైసెన్సు ఆయుధాలను అప్పగించాలని పోలీసువారి ఉత్తర్వు రాగానే, మామగారు తమరిని దుప్పట్లో చుట్టి, కారు వెనుక సీట్లో పడుకోబెట్టి స్టేషనుకు తీసుకెళ్లి రసీదు పుచ్చుకునేవారు. ఊళ్లో గొడవలు జరుగుతాయని అందరూ భయపడే ఆ వారాల్లో మా రక్షకులు పోలీసువారి రక్షణలో నిద్రించేవారు.

ఇప్పుడు మామగారు లేరు. ముగ్గురు వారసులూ తమరి గురించి అడుగుతున్న ప్రశ్నలు వింటే ఏ వకీలైనా ఫీజు పెంచుతాడు. వీలునామాలో పెద్ద బావమరిది పేరు రాసి ఉంటే సరిపోదా? సరిపోదు. లైసెన్సు మనిషిదే గాని వంశానిది కాదు. యజమాని పోయాక ఆయుధాన్ని పోలీసు స్టేషనులోగాని, లైసెన్సున్న డీలరు దగ్గరగాని అప్పగించి, వారసుడు తన పేరిట దరఖాస్తు చేసుకోవాలి. అలా చేయకుండా బీరువాలోనే ఉంచుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు. మామగారికి డెబ్బై నిండగానే, బతికుండగానే వారసుడికి బదిలీ చేయించే వీలు 2016 ఆయుధాల నిబంధనల్లో ఉంది. తమరిని వదులుకుంటే మీసం వాలిపోతుందని ఆయన ఆ పని చేయలేదు.

చిన్న బావమరిది మరో ఉపాయం తెచ్చాడు. కొడగు (కూర్గ్) జిల్లాలో అక్కడి కొడవ జాతివారికి తుపాకీ లైసెన్సు మినహాయింపు ఉందట, అక్కడ కాఫీతోట కొంటే సరిపోతుందట. మినహాయింపు ఉన్నమాట నిజమే. కర్ణాటక హైకోర్టు 2021లో దాన్ని సమర్థించింది, 2029 వరకు అది అమల్లో ఉంటుంది. అయితే అది కొడవ జాతివారికీ, జమ్మా అనే అక్కడి వంశపారంపర్య భూమి హక్కుదారులకూ చెందినది. తోట రిజిస్ట్రేషనుతో జాతి మారే సదుపాయం ఏ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలోనూ లేదు.

పెద్ద బావమరిది కొడుకైతే, వచ్చే మాఘంలో తన పెళ్లి ఊరేగింపులో తమరిచేత గాలిలోకి ఒక్కటంటే ఒక్కటి పేల్పించాలని పట్టుబడుతున్నాడు. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే అలాంటి కాల్పులకు రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయని చెప్పాను. "జరిమానా మామయ్య ఇస్తాడులే" అన్నాడు. ఆ మామయ్యను నేనే కాబట్టి విషయం అక్కడితో ఆగింది.

కాబట్టి తమరు ఈ సోమవారం డీలరు దగ్గరకు బయలుదేరవలసిందిగా మనవి. లైసెన్సున్న కొనుగోలుదారు దొరికేదాకా అక్కడి అద్దెను మేము ముగ్గురమూ సమంగా భరించాలని పెద్దలు తీర్మానించారు. మొదటి నెల ఎవరు కట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఇట్లు,
తమరి బరువు కారుదాకా మోయబోయే అల్లుడు