ఘటోత్కచుడి కిరీటం ఎవరికి అడ్డమొచ్చింది?

పాత జానపద, పౌరాణిక చిత్రాలను ఉద్ధరించడానికి కంకణం కట్టుకున్న మహానుభావులకు సాష్టాంగ నమస్కారం. టీవీకి రెండు పక్కలా నల్ల పట్టీలు కనబడితే వారికి నిద్ర పట్టదు. ఖాళీ జాగా ఉన్నాక ఆక్రమించాల్సిందే కదా!

1957 నాటి ‘మాయాబజార్’ బొమ్మ వెడల్పు, ఎత్తుకు 1.37 రెట్లు. ఇప్పటి టీవీ 16:9, అంటే దాదాపు 1.78 రెట్లు. తెర నిండాలంటే ఎత్తులో 23 శాతం కోయాలి. అంతకంటే వెడల్పైన సినిమాస్కోప్ తెర మోజుంటే 42 శాతం. ఉద్ధారకుడు కత్తెర పుచ్చుకుని ‘వివాహ భోజనంబు’ ముందు కూర్చున్నాడనుకోండి. పైన కోస్తే ఎస్వీ రంగారావు కిరీటం పోతుంది, కింద కోస్తే లడ్డూలు పోతాయి. ఎంత ధర్మసంకటం! చివరికి పక్షపాతం లేకుండా రెండువైపులా సమంగా కోస్తాడు. ఇక కిరీటం లేని ఘటోత్కచుడి నోట్లోకి, పళ్లెం లేని లడ్డూలు ఎక్కణ్ణించో వచ్చి పడుతుంటాయి. ఒక రకంగా మాయ పెరిగినట్టే!

తర్వాత నునుపు సేవ. ఫిల్ము రేణువులు, అంటే ఫిల్ము బొమ్మలో సహజంగా ఉండే సన్నటి చుక్కలు, సాఫ్ట్‌వేర్‌కి మురికిలా కనిపిస్తాయి. తుడిచేస్తే వాటితోపాటు చర్మమూ పోయి, ముఖాలు మైనపు బొమ్మలవుతాయి. ‘లాహిరి లాహిరి’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కూర్చిన వెన్నెల బూడిదరంగు పూతగా మిగులుతుంది.

అన్నిటికీ మించింది సెకనుకు 60 ఫ్రేముల వైభోగం. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములు. అంటే కనీసం 36 యంత్రం కల్పించినవే. పాత్ర మాయమవ్వాలంటే అప్పట్లో కెమెరా ఆపేవారు. మిగతా నటులు శిలల్లా నిలబడితే, ఆ ఒక్కరూ పక్కకు తప్పుకునేవారు. మళ్లీ కెమెరా తిప్పేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా బొమ్మ ఎగిరిపడి గుట్టు రట్టు. ఒక ఫ్రేములో మనిషి ఉండాలి, తర్వాతి ఫ్రేములో ఉండకూడదు. అదే మాయ. ఆ రెంటి మధ్య యంత్రం సగం మనిషిని సృష్టిస్తుంది! భుజాలు కరిగి, మొహం గోడలోకి సాగి, మాయమవాల్సిన రాక్షసుడు పాకంలా జారిపోతాడు.

అది చూసి ‘అప్పట్లో గ్రాఫిక్స్ లేవు పాపం’ అని నవ్వేవాళ్లొకరు. పాపం ఎవరిదయ్యా? సరిదిద్దే కంప్యూటర్ లేకుండా, నెగెటివ్ కడిగేదాకా ఫలితం తెలియకుండా వాళ్లు తీశారు. చెడగొట్టింది నీ పరికరం! చేతకానితనం చచ్చిపోయినవాళ్లకు అంటగట్టకు.

టీవీలో ‘జూమ్’ తీసేసి బొమ్మను దాని అసలు కొలతలో పెట్టండి. లేని ఫ్రేములు కల్పించే ‘మోషన్ స్మూతింగ్’ ఆపండి. అప్పటికీ టైటిళ్లలో అక్షరాలు అంచున తెగి కనిపిస్తే, ఆ కాపీ అక్కడే కట్టేయండి. ముందుకెళ్తే సావిత్రి నుదుట బొట్టు కూడా మిగలదు.