తొమ్మిది క్రెడిట్ల తద్దినం

నాలుగేళ్ల డిగ్రీ మీద కావలసినంత రగడ జరిగింది. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏది, మైనర్ (తోడు సబ్జెక్టు) ఏది, ఆనర్స్ దాకా ఆగాలా, మూడేళ్లకే బయటపడాలా అని ఇళ్లలో లెక్కలు నడుస్తూనే ఉన్నాయి. ఈ సందడిలో ఎవరి కంటా పడనివి మూడు చిన్న కోర్సులు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రంలో వాటి పేరు మల్టీ డిసిప్లినరీ కోర్సులు. ఒక్కోదానికి 3 క్రెడిట్లు, మొత్తం 9. క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల తరగతి. మూడేళ్ల డిగ్రీకి కావలసిన 120లో ఏడున్నర శాతం. సైన్సు పిల్లలు చరిత్రో ఆర్థికమో చదవాలి, బీకాం వాళ్లు కాస్త సైన్సు చదవాలి. ఇంటర్‌లో చదివేసినదాన్నే ఇక్కడ మళ్లీ తీసుకోకూడదన్న నిబంధన కూడా ఉంది.

డిగ్రీ మొత్తంలో విలువైనవి ఈ 9 క్రెడిట్లే. నడుస్తున్న తీరులో మాత్రం శుద్ధ దండగ.

ఏ కోర్సు పెట్టాలో కాలేజీలో ఎలా తేలుతుందో చూడండి. టైంటేబుల్ వేసే రోజున ముందు చూసేది వర్క్‌లోడ్. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన చూపించాలి. అడ్మిషన్లు పడిపోయిన సబ్జెక్టులో అన్ని గంటలు ఎక్కడివి? లోటు పూడ్చడానికి దొరికేది ఈ కోర్సే. ఆప్షన్ ఫారంలో పేర్లు అయిదుంటాయి, నడిచేది ఒకటి. మధ్యాహ్నాలు బీఎస్సీ ల్యాబులకు పోతాయి కాబట్టి మిగిలిన ఆఖరి పీరియడ్‌లో మూడు గ్రూపులను కలిపి సెమినార్ హాల్లో కూర్చోబెడతారు. నూట ఇరవై మంది, ఒక మైకు. సిలబస్ అంటారా, మేజర్ విద్యార్థుల మొదటి సెమిస్టర్ పుస్తకంలోని తొలి రెండు యూనిట్లు.

తప్పు ఇక్కడే మొదలవుతోంది. తొలి యూనిట్లలో ఉండేవి నిర్వచనాలు, వర్గీకరణలు. వాటి ఫలితం మూడో ఏడాదిలో తెలుస్తుంది. బీకాం కుర్రాడు ఆ మూడో ఏడాదికి ఎలాగూ వెళ్లడు. మొక్కజొన్న గింజలు నాటించి, మొలక రాగానే పొలం వదిలేయమన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఇతర శాఖల వాళ్లకు చెప్పే కోర్సును వేరుగా అల్లాలి. సబ్జెక్టు నుంచి కాదు, ఒక ప్రశ్న నుంచి. ఉదాహరణకు కృష్ణా నీళ్లు. మూడు క్రెడిట్లంటే 45 గంటలు, 15 వారాలు. మొదటి వారం పత్రికలో వచ్చే ఇన్‌ఫ్లో అంకె పట్టుకోవాలి. సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే క్యూసెక్కు. రోజుకు 86,400 సెకన్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. భాగించి చూస్తే 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ అని పిల్లలే తేలుస్తారు. ఆ ఒక్క టీఎంసీని అడుగు లోతున పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలు. మరి వరికి ఎన్ని అడుగులు కావాలి? కాలువ దారిలో ఎంత తాగేస్తుంది, జలాశయం మీద ఎండకు ఎంత ఆవిరవుతుంది? భౌతికశాస్త్రం అడక్కుండానే వచ్చి కూర్చుంటుంది. తర్వాత కృష్ణా నీళ్లను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలు, విభజన తర్వాత తాత్కాలికంగా వేసుకున్న వాటాలు: ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299. అక్కడ చట్టం, చరిత్ర, రాజకీయం. టీవీ చర్చల్లో గొంతు చించుకునేవాళ్లలో ఎందరికి ఆ మొదటి వారం భాగహారం వచ్చో నాకు అనుమానమే.

ఇక రాత. ఇలాంటి కోర్సులో సెమిస్టర్‌కు అయిదు సార్లు రెండేసి పేజీలు రాయించాలి, దిద్ది వెనక్కివ్వాలి. ఒక్కో కాగితానికి పది నిమిషాలు వేసుకున్నా 40 మందికి 33 గంటల పైచిలుకు. నూట ఇరవై మందికైతే వంద గంటలు. ఆ గంటలు వర్క్‌లోడ్‌లో ఎక్కడా లెక్కకు రావు. అందుకే రాయించరు. చివరికి మిగిలేది ఇంపార్టెంట్ క్వశ్చన్ల జిరాక్సు.

అమెరికాలో మూడు క్రెడిట్ల కోర్సుకు తరగతిలో గంటకు బయట రెండు గంటల పని అని లెక్క. 45కు మరో 90 తోడు. మనం క్రెడిట్ అన్న మాటను తెచ్చుకుని ఆ 90 గంటలను విమానాశ్రయంలోనే వదిలేశాం.

ఇది కొత్త రోగమేమీ కాదు. పర్యావరణ విద్య అందరికీ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 1991లో చెబితే, డిగ్రీలో యూజీసీ ఉమ్మడి సిలబస్ వచ్చింది 2003లో. అందులో క్షేత్ర పర్యటనకు అయిదు గంటలు, 25 మార్కులు ఉన్నాయి. చెరువు గట్టు ఎక్కకుండానే ఆ 25 వేయించుకుని బయటపడినవాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. ఇంకా వెనక్కి వెళితే, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 36 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రాధాకృష్ణన్ అధ్యక్షతన వేసిన కమిషన్, అన్ని శాఖల పరిచయం ఇచ్చే సాధారణ విద్యను డిగ్రీలో చేర్చాలని 1949లోనే సిఫారసు చేసింది.

పేదింటి పిల్లలకు కావలసింది ఉద్యోగం, ఈ షోకులు కాదు అని ఒక వాదన ఉంది. కొట్టిపారేయదగ్గది కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లకు ప్రతి సెమిస్టర్ భారమే. కానీ ఆ పిల్ల స్కిల్ కోర్సులకు వేరే 9 క్రెడిట్లు, ఇంటర్న్‌షిప్‌కు మరికొన్ని ఇదే చట్రంలో ఉన్నాయి. పైగా ఒక నివేదిక చదివి రెండు పేజీల్లో విషయం తేల్చి రాయగలగడం ఉద్యోగంలో పనికిరాదని ఏ యజమాని అన్నాడు?

నన్నడిగితే డిగ్రీ కాలేజీని ఒక్కదాన్నే తిట్టడం కూడా అన్యాయం. పదిహేనేళ్లకే పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని గంపల్లో వేరుచేసి పెట్టాం. ఆ రెండేళ్లలో ఇంగ్లీషు కాక మిగిలేది ఒక్క ద్వితీయ భాష. దాన్నీ మార్కుల బేరానికి పెట్టాం. మార్కులు బాగా పడతాయని తెలుగు వదిలి సంస్కృతం రాయించే కాలేజీలకు ఆ భాష మీద ప్రేమ ఏపాటిదో అందరికీ తెలుసు. అలా పరభాషా రాక, సొంత భాషా రాక వచ్చిన కుర్రాడికి డిగ్రీలో 9 క్రెడిట్లు చేతిలో పెట్టి విశాల దృష్టి అలవరచుకోమంటున్నాం.

ఉన్నత విద్యామండళ్లు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చే ఏడాదికి మూడు పనులు చేయొచ్చు. సెక్షన్‌కు 40 మందికి మించకూడదు. దిద్దే గంటలు వర్క్‌లోడ్‌లో కలపాలి. అన్ని గ్రూపులకూ ఈ కోర్సు పొద్దున పదింటికే, ఒకే స్లాటులో పెట్టాలి. కొత్త పుస్తకాలు, కొత్త పేర్లు తర్వాత చూసుకోవచ్చు.