వాడు పక్కనే ఉన్నాడు మేడమ్

ఇప్పుడే మా ఇంటి నుంచి ఒక రీసెర్చ్ మేడమ్ వెళ్ళింది. మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళ 'అనుభవాలు, ఆశలు' మీద పీహెచ్‌డీ చేస్తోందట. ఆమె వస్తుందని మా తమ్ముడు పొద్దున్నుంచీ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆమె వచ్చి వాడికి ఒక నమస్తే పడేసి, రికార్డర్ మా అమ్మ ముందు పెట్టి, "బాబుకి వర్క్‌షాప్ ఇష్టమేనా ఆంటీ?" అని మొదలుపెట్టింది. వర్క్‌షాప్ అంటే వాడు పనికెళ్ళే చోటు. బాబుకి ముప్పై దాటాయి. చెవులు బాగానే వినిపిస్తాయి.

వాణ్ణే అడగండి అంటే అడిగింది, అదీ కన్నడంలో. బెంగళూరులోనే పుట్టినా వాడి కన్నడం కేఆర్ పురం బస్సుకీ పాల ప్యాకెట్‌కీ సరిపోయేంతే, మనసులో మాట తెలుగులోనే వస్తుంది. అక్కడ సంతోషంగా ఉన్నావా? ఊ. అక్కడ బోర్ కొడుతుందా? ఊ. రెండూ రాసుకుంది మహాతల్లి! కాగితాలు పట్టుకున్న మనిషి ఏమడిగినా ఊ కొడితేనే 'మంచి పిల్లాడు' అని వాడికి స్కూలు నేర్పిన చదువు అది. ఔను-కాదు ప్రశ్నలేస్తే మేధో వైకల్యం ఉన్నవాళ్ళు ఔను వైపే మొగ్గుతారని అమెరికాలో సిగెల్‌మాన్ అనే పరిశోధకురాలి బృందం 1981లోనే రాసింది. లోపం జవాబు చెప్పేవాళ్ళలో కాదు, మీరు అడిగే తీరులోనే ఉందని ఆ తర్వాత వాదించినవాళ్ళూ ఉన్నారు. పీహెచ్‌డీ చేసేవాళ్ళకి ఇవి నేను చెప్పాలా?

వాడితో మాట్లాడటం బ్రహ్మవిద్యేం కాదు. వర్క్‌షాప్ ఫోటోలు చూపించండి, సూపర్‌వైజర్ మొహం రాగానే "ఈ సార్ అరుస్తాడు, నాకు బిస్కెట్ ఇవ్వడు" అని వాడే మొదలుపెడతాడు. 'ఎన్నాళ్ళ నుంచి' అని అడక్కండి, ఉగాది సెలవుల తర్వాత ఏమైందో అడగండి. వాడు మాట వెతుక్కునేటప్పుడు కాసేపు నోరు మూసుకోండి. ఇది మాత్రం ఎవరికీ చేతకాదు, మా అమ్మకి అసలే చేతకాదు.

ఇక సంతకం. పేజీలకు పేజీలు ఇంగ్లిష్ ఫారం, సంతకం అమ్మది. వాడికి పేరు రాయడం వచ్చు, పెన్ను ఇచ్చినవాళ్ళు లేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆరో సెక్షన్ ఏం చెబుతోందంటే, వాళ్ళకి అర్థమయ్యే పద్ధతిలో చెప్పి వాళ్ళ సమ్మతి తీసుకోకుండా పరిశోధన చేయకూడదు, పైగా అనుమతిచ్చే కమిటీలో కనీసం సగం మంది వికలాంగులో వాళ్ళ సంస్థల సభ్యులో ఉండాలి. ఆ అనుమతి ఏది మేడమ్ అంటే "మా గైడ్ చూసుకున్నారు" అంది. శుభం. మా అమ్మేమో ఆ పిల్ల కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయిందని ఇంకా నన్ను తిడుతూనే ఉంది.

అయినా మన చుట్టాలకంటే ఆమే నయం, ఒక నమస్తే అయినా పెట్టింది. హిందూపురంలో మా పెదనాన్న కూతురి పెళ్ళి. అక్షింతలు వేద్దామని వీడు కొత్త పంచె కట్టుకుని లేస్తే, మగపెళ్ళివారు చూస్తారని తీసుకెళ్ళి భోజనాల హాల్లో కూర్చోబెట్టారు. "వాడికి జనమంటే భయం కదమ్మా" అట! సాయంత్రం ఆరింటికి బెంగళూరులో కిక్కిరిసే సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర బస్సెక్కేవాడికి జనమంటే భయమా? వాణ్ణి అడిగారా? అడగరు, అడిగితే వస్తానంటాడు కదా. ఆల్బమ్‌లో బాజాభజంత్రీల వాళ్ళ పిల్లలు కూడా ఉన్నారు, సొంత తమ్ముడు లేడు.

ఈ పోస్ట్ ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా పెడుతున్నా. సంజాయిషీ చెప్పాలనుకునేవాళ్ళు అమ్మకి ఫోన్ చేయొద్దు, వాడికే చేయండి. నంబర్ మీ అందరి దగ్గరా ఉంది, రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపిస్తున్నది వాడే.