పరుగొక్కటే చాలదండీ
కుక్క చెప్పులూ అవీ కొరికేస్తోందంటే "బాగా పరిగెత్తిస్తే అదే సర్దుకుంటుంది" అంటారు చూడండి, ఆ మాట దగ్గరే నాకు పేచీ. మా సంకరజాతి వాణ్ణి ఏడాదిపాటు రోజూ రెండు గంటలు పరిగెత్తించాను. వాడికి దమ్ము పెరిగింది, నాకు మోకాళ్లు పోయాయి, చెప్పులు కొరకడం మాత్రం ఆగలేదు.

అందుకే ఇప్పుడు వాడి బుర్రకీ పని పెడుతున్నా: తిండిలో సగం పాత తువ్వాలులో చల్లి, చుట్టి, ముడేసి ఇస్తున్నా. మొదటిరోజు పంజాతో లాగాడు, కుదరక నావంక చూశాడు, చివరికి ముక్కుతో కొస తోసి విప్పాడు. పది నిమిషాల పనికే గుర్రు పెట్టి నిద్రపోయాడు! (గుడ్డ మింగే అలవాటున్న కుక్కైతే పక్కనే ఉండండి.)

బొమ్మల పేర్లూ నేర్పుతున్నా, ఒక్కోసారి ఐదు నిమిషాలే. చేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్కకి 1,022 బొమ్మల పేర్లు వచ్చేవట. మావాడికి నాలుగొచ్చాయి, ఐదోది అడిగితే బంతే తెస్తాడు.