క్రెమ్లిన్ పంపిన ఆ మూడు పుస్తకాలు ఒక్క మాట చెప్పవు

రష్యా గురించి తరచూ వినిపించే వాదన ఒకటుంది. ఆర్థడాక్స్ క్రైస్తవ నీతి, రష్యన్ జాతీయవాదం మొదటినుంచీ ఒకటేనని, క్రైస్తవ లోకానికి మాస్కోయే "మూడవ రోమ్" అన్న సిద్ధాంతం ఐదు వందల ఏళ్లుగా ఆ దేశాన్ని నడుపుతోందని, 2014 ఆరంభంలో క్రెమ్లిన్ గవర్నర్లకు చదవమని పంపిన రష్యన్ తత్వవేత్తలు సొలొవ్యోవ్, బెర్ద్యాయెవ్, ఇల్యీన్ పుస్తకాలే ఇందుకు రుజువని, చర్చిలో వేరే గొంతే లేదని దాని సారాంశం. పుస్తకాలు పంపిన మాట నిజమే. వాటిని రాసినవారు ఏమన్నారో చూస్తే మాత్రం వాదన నిలవదు.

మూడవ రోమ్ సంగతి త్వరగా తేల్చవచ్చు. 16వ శతాబ్దం తొలి భాగంలో ప్స్కోవ్ ప్రాంతపు సన్యాసి ఫిలోఫెయ్ తన లేఖల్లో రెండు రోములు (అసలు రోమ్, నేటి ఇస్తాంబుల్ అయిన కాన్‌స్టాంటినోపుల్) కూలాయని, మూడవది నిలిచి ఉందని, నాలుగవది ఉండబోదని రాశాడు. అది దండయాత్రకు పిలుపు కాదు, విశ్వాసం చెడితే ఇక దిక్కులేదన్న హెచ్చరిక. దాన్ని సామ్రాజ్య నినాదంగా మలచుకున్నది ప్రధానంగా 19వ శతాబ్దమే.

అసలు విషయం సొలొవ్యోవ్ దగ్గర ఉంది. 1881 మార్చిలో జార్ రెండవ అలెగ్జాండర్‌ను విప్లవకారులు హత్య చేశాక, హంతకులను క్షమించడమే క్రైస్తవ పాలకుడి ధర్మమని కొత్త జార్‌కు బహిరంగ ప్రసంగంలో విజ్ఞప్తి చేసిన మనిషి ఆయన. జాతి తన్ను తాను తెలుసుకోవడం గొప్ప విషయమే గాని, ఆ తెలివిడి ఆత్మసంతృప్తిగా, ఆత్మసంతృప్తి ఆత్మారాధనగా మారితే చివరికి మిగిలేది ఆత్మవినాశమేనని ఆ దశాబ్దంలోనే రాశాడు. 1890లో యూదుల మీద పత్రికలు చిమ్ముతున్న ద్వేషాన్ని ఖండిస్తూ లేఖ తయారుచేసి, తోల్‌స్తోయ్ సహా పలువురి సంతకాలు సేకరించాడు. రష్యాలో అచ్చుకు అనుమతి లేకపోవడంతో అది లండన్‌లో వెలువడింది. గవర్నర్లకు అందిన 1897 నాటి గ్రంథంలోనైతే, ఇతర జాతులను నీ జాతిని ప్రేమించినట్లే ప్రేమించాలన్న సూత్రమే ఉంది. దాన్ని పంపినవారు ఆ పుట దాకా చదివారా అన్న అనుమానం నాకుంది.

ఎదుటి వాదనలో నిజమేమీ లేదనను. 1880లో కవి పుష్కిన్ స్మారక సభలో విశ్వమానవ సోదరభావాన్ని చాటిన నవలాకారుడు దస్తయేవ్‌స్కీయే, అంతకు మూడేళ్ల ముందు కాన్‌స్టాంటినోపుల్ రష్యాదే కావాలని రాశాడు. ఒకే మనిషిలోనే ఈ చీలిక ఉంది.

ఇక బెర్ద్యాయెవ్, ఇల్యీన్ ఇద్దరినీ సోవియట్ ప్రభుత్వం 1922లో దేశం నుంచి వెళ్లగొట్టింది. వారి మధ్య పోలిక దాదాపు అక్కడితో ఆగిపోతుంది. చెడును బలప్రయోగంతో ఎదిరించడం క్రైస్తవుడికి తగినదేనని ఇల్యీన్ 1925లో పుస్తకం రాస్తే, మరుసటి ఏడే బెర్ద్యాయెవ్ దాన్ని "చెడ్డ మంచి అనే పీడకల"గా తూర్పారబట్టాడు. 1933లో హిట్లర్ ఉద్యమాన్ని మెచ్చుకుంటూ వ్యాసం రాసినవాడు ఇల్యీన్; జాతీయవాదాన్ని మనిషిని బానిసను చేసే విగ్రహారాధనగా చూసినవాడు బెర్ద్యాయెవ్. పైగా గవర్నర్లకు పంపిన బెర్ద్యాయెవ్ పుస్తకం 1918లో విప్లవం మీది కోపంతో రాసింది. అది తనకు నచ్చదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

చర్చిలో వేరే గొంతు లేదన్నదీ సరికాదు. జాతి ప్రాతిపదికన చర్చిని విడదీయడాన్ని 1872లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన ఆర్థడాక్స్ చర్చి సభ తప్పుబోధగా ఖండించింది. ప్రభుత్వం పాపకార్యానికి బలవంతపెడితే దానికి విధేయత నిరాకరించాలని రష్యన్ చర్చి 2000లో ఆమోదించిన పత్రమే చెబుతోంది. 2022 మార్చిలో, ఉక్రెయిన్‌లో యుద్ధం ఆపమంటూ ఆ చర్చికే చెందిన దాదాపు 300 మంది మతాధికారులు సంతకాలు చేశారు; 2024 మార్చిలో ఆ చర్చి అధిపతి పాట్రియార్క్ కిరిల్ నాయకత్వంలోని సభ అదే యుద్ధాన్ని "పవిత్ర యుద్ధం" అంది.