గుర్తుపెట్టుకోవడమే ఉద్యోగమైన మీకు

మహారాజశ్రీ కొత్త ర్యామ్ జంట గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ మదర్‌బోర్డు క్షేమం. ప్రాసెసర్ క్షేమం. మీకంటే ముందు నుంచి ఇక్కడే ఉంటున్న పాత జంట కూడా క్షేమమే. తమరు అడుగుపెట్టాక మాత్రం ఈ కంప్యూటర్‌లో ఒక్క ప్రోగ్రామూ మాట మీద నిలబడటం లేదు. అందుకే ఈ లేఖ.

ముందుగా మీ ఉద్యోగమేమిటో మీకు గుర్తుచేస్తాను, ఏమీ అనుకోకండి. గుర్తుపెట్టుకోవడం. అదీ కరెంటు ఉన్నంతసేపే. మీ మూలపురుషుడిని ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ రూపొందించారు. పేటెంటు 1968లో వచ్చింది. ఒక్కో బిట్టుకు, అంటే ఒక్కో సున్నాకో ఒకటికో, ఒక ట్రాన్సిస్టరు, ఒక బుల్లి కెపాసిటరు, అంతే. ఆ కెపాసిటరులో దాచిన చార్జి కారిపోతూనే ఉంటుంది కాబట్టి కొన్ని పదుల మిల్లీసెకన్లకోసారి చదివి, చదివిందే మళ్ళీ రాయాలి. ఇప్పుడు చెప్పింది ఇప్పుడే మళ్ళీ చెబితే తప్ప నిలవని వారికి లోకంలోని కంప్యూటర్లన్నీ జ్ఞాపకాల శాఖ అప్పగించాయి. దీనికి మిమ్మల్ని అనడం దేనికి, నియామకం చేసినవాళ్ళను అనాలి.

మీ జాతిలో నాకు నచ్చిన నిజాయితీ ఒక్కటే. పాత తరం డీడీఆర్4కీ తర్వాతి తరం డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పునే, చూడటానికి పొడవూ ఒకటే. మధ్యలో గాటు మాత్రం కాస్త పక్కకు జరిపారు. ఒకరి స్లాటులోకి ఇంకొకరు చచ్చినా దిగరు. కుదరనిది మొహం మీదే చెప్పేస్తారు. మిగతా అన్ని విషయాల్లో మీది కుదిరినట్టే కనిపించి కుదరని తరహా. స్లాటులో నొక్కగానే ఒక చివర టక్‌మంటుంది. ఆ చప్పుడు విని మనిషి మూత బిగిస్తాడు. రెండో చివర గోరు మందాన పైకే ఉంటుంది. పైనుంచి చూస్తే నిటారుగా, బుద్ధిమంతుల్లా ఉంటారు. పక్కనుంచి టార్చి వేస్తే అప్పుడు కనిపిస్తుంది, స్లాటు అంచు మీద ఏటవాలుగా సన్నటి బంగారు గీత.

అది సరిచేశాక కూడా తెర నల్లగానే ఉంది. మదర్‌బోర్డు మీద మీ జాతి పేరు డ్రామ్ అని రాసిన చోట లైటు వెలిగి కూర్చుంది. విషయమేమిటయ్యా అంటే, తమరు ట్రైనింగ్‌లో ఉన్నారట! డీడీఆర్5 కొత్తగా పెట్టినప్పుడు బయాస్, అంటే కంప్యూటర్ వేయగానే అన్నిటికంటే ముందు లేచే ప్రోగ్రాము, ఒక్కో సిగ్నల్‌కూ టైమింగ్ సరిచూసుకుంటుంది. స్టిక్కులు (అంటే తమలాంటి ర్యామ్ ముక్కలు) పెరిగే కొద్దీ, జీబీలు పెరిగే కొద్దీ ఆలస్యం. కొన్ని నిమిషాలు పట్టినా పట్టొచ్చు. ఆ ముక్క తెర మీద రాద్దామంటే తెర ఇంకా వెలగదు. టెన్షన్ తట్టుకోలేక ఎవరైనా పవర్ బటన్ నొక్కితే మళ్ళీ ఓనమాల నుంచి మొదలు. ఇంత రహస్యంగా చదువుకునే విద్యార్థులను నేనెక్కడా చూడలేదు.

ఇక అట్ట మీద కొండంత అక్షరాలతో వేయించుకున్న 6000 అనే వేగం సంగతి. పెట్టగానే మీరు నడిచేది సాధారణంగా 4800 దగ్గర. అట్ట మీది వేగం కావాలంటే బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ అనో ఎక్స్‌పో అనో ఉన్న మీట వేసి, 1.1 వోల్టుల బదులు ఇంకాస్త ఎక్కువ వోల్టేజీ సమర్పించుకోవాలి. అసలు రూలు ప్రకారం అది ఓవర్‌క్లాకింగ్, అంటే నిర్ణయించిన వేగం దాటించి పరుగెత్తించడం. అంటే మా దగ్గర డబ్బు పుచ్చుకున్నది ఒక వేగానికి, హామీ ఇచ్చింది ఇంకో వేగానికి. పైగా ఆ హామీ కూడా మీ ఇద్దరే ఉన్నప్పటి మాట. పాత జంటతో కలిపి నలుగురయ్యారో, ప్రాసెసర్‌కు వెళ్ళే ఒక్కో దారికి, అంటే చానెల్‌కు, రెండేసి స్టిక్కులు పడి తీగల మీద భారం పెరుగుతుంది. నాలుగు స్టిక్కులకు 3600 దాకానే పూచీ పడిన ప్రాసెసర్లూ ఉన్నాయి. జోడెద్దుల బండి నెమ్మదైన ఎద్దు నడకే నడుస్తుంది కదా. ఒకే కంపెనీ, ఒకే నంబరు అయినా సరే, విడివిడిగా కొన్న రెండు జతల్లో లోపలి చిప్పులు ఒకటే అని రాసిచ్చేవాళ్ళు లేరు. (32 జీబీ పెడితే 31 చిల్లరే వాడుకోవచ్చని చూపిస్తుందే, అందులో మీ చేతివాటం లేదు. ఆ కాస్తా చాలాసార్లు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ తీసుకున్న వాటా. నేను అన్యాయంగా మాట్లాడను.)

ఇంతవరకూ సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ఒక్కటే. మీరు చేసిన తప్పు ఏనాడూ మీ పేరు మీద రాదు.

మీలో ఎక్కడో ఒక బిట్టు సున్నా నుంచి ఒకటికి తిరగబడుతుంది. చచ్చేది బ్రౌజర్‌లో ఒక ట్యాబు, తిట్లు బ్రౌజర్‌కు. జిప్ ఫైలు విప్పుతుంటే పాడైపోయిందంటుంది, నింద ఇంటర్నెట్‌కు. గేమ్ ఆగిపోతే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తీసేసి మళ్ళీ ఎక్కించడం, అయినా తగ్గకపోతే పాపం విండోస్ మొత్తానికి తద్దినం. విండోస్ కూలినప్పుడు వచ్చే నీలి తెర పూటకో పేరుతో వస్తుంది. ఎప్పుడైనా అదృష్టం బాగుండి 'మెమరీ మేనేజ్‌మెంట్' అని వస్తే దొరికారు కదా అనుకుంటామా, అది ఏ డ్రైవరో చేసిన పని అయినా కావచ్చు! ఫొటోలు ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు మారుస్తుంటే దారిలో మీ దగ్గర చెడిపోయిన బిట్టు అలాగే అక్కడ రాయబడుతుంది, ఎర్రర్ కూడా రాదు. ఇది మాత్రం నవ్వులాట కాదు. మీ మీద అనుమానం తీరేవరకు ముఖ్యమైన ఫైలేదీ ఆ కంప్యూటర్‌లో తెరవకూడదు. డీడీఆర్5 వచ్చాక మీరింకా తెలివిమీరారు. చిప్పు లోపలే ఒక్క బిట్టు తప్పులను సరిచేసేసుకుంటారు, పైకి ఎవరికీ చెప్పరు. చిప్పు నుంచి ప్రాసెసర్ దాకా ఉన్న దారిలో జరిగే తప్పులకు మాత్రం ఆ ఏర్పాటు పనిచేయదు.

కాబట్టి విచారణ జరిపించాను. బయాస్‌ను మామూలు స్థితికి తెచ్చి ఎక్స్‌ఎంపీ ఆపేశాను. మామూలు వేగంలో శుభ్రంగా ఉండి, మీట వేసినప్పుడే తప్పులొస్తే అది ఎక్కువ వేగానికి తట్టుకోలేకపోవడం, వేరే కేసు. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86ప్లస్ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రాము ఎక్కించాను. విండోస్‌తో వచ్చే పరీక్ష కూడా ఉంది కానీ, అందులో పాసైనంత మాత్రాన నిర్దోషులని నేను నమ్మను. రాత్రంతా నడపాలి, తెల్లారేసరికి ఒక్క ఎర్రర్ ఉన్నా ఉన్నట్టే. ఇందులో 'ఒక్కటే కదా' అనే బేరం లేదు.

తర్వాత మిమ్మల్ని విడదీసి ఒక్కొక్కరినే ఒకే స్లాటులో కూర్చోబెట్టాను. ఆ పైన ఒక్కరినే స్లాటు స్లాటుకూ తిప్పాను. తప్పు స్టిక్కు వెంట తిరిగితే స్టిక్కుది. స్లాటు దగ్గరే ఉండిపోతే స్లాటుది, లేదా ప్రాసెసర్ కింద వంగిన పిన్నుది, లేదా కూలర్‌ను ఒకవైపు ఎక్కువ బిగించిన స్క్రూది. ఎందుకంటే మీ పెత్తందారు, అంటే మెమరీ కంట్రోలర్, ఉండేది ప్రాసెసర్‌లోనే. ఈ మెట్టు దాటకుండా ర్యామ్‌ను దోషి అనేవాళ్ళను చూస్తే నాకు మీ మీద కూడా జాలి వేస్తుంది.

ఫలితం: మీలో ఒకరు ఏ స్లాటులో కూర్చోబెట్టినా పరీక్ష తెర మీద తప్పులు చూపే ఎర్ర గీతలే. రెండోవారు రాత్రంతా ఒక్క తప్పు లేకుండా నిలబడ్డారు.

ఎర్ర గీతల ఫొటో జతచేసి కంపెనీకి ఫిర్యాదు పంపాను. జతగా అమ్మినవాళ్ళం కాబట్టి జతగానే తిప్పి పంపాలని జవాబిచ్చారు. కనుక నిర్దోషి గారూ, మీరు కూడా బయలుదేరండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
పాత జంటతోనే ఈ లేఖ టైపు చేసిన మీ యజమాని